లేని నాణెం పోయిన వైనం

ఆ ఏడాదిని ప్రభుత్వం 'సంపూర్ణ సంవత్సరం'గా ప్రకటించింది. అంటే ఏ ఆఫీసులోనూ ఏదీ సగంలో ఉండకూడదు. సగం తవ్విన కాలవల్ని పూర్తిగా తవ్వాలి, లేదా పూర్తిగా పూడ్చాలి. రెండోది తేలిక గనక మా జిల్లాలో చాలా కాలవలు ఆ విధంగా సంపూర్ణమయ్యాయి.

మాది బందరులో ఉన్న తీరప్రాంత వారసత్వ సంపద పరిరక్షణ, ప్రదర్శన సంస్థ. పేరు పొడుగు, పని పొట్టి. అందులో నేను సూపరింటెండెంటుని. ఇటువంటి ఏడాది మా సంస్థకి పెద్ద గండమే, ఎందుకంటే మా దగ్గరున్నవన్నీ సగం వస్తువులే. తలల్లేని విగ్రహాలు, చేతుల్లేని ద్వారపాలకులు, మూతుల్లేని కుండలు. జనం వాటిని అలా విరిగినందుకే చూడటానికి వస్తారని ఇన్నాళ్ళూ మా నమ్మకం.

మా డైరెక్టరు వేమవరపు భీమశంకరం గారు మత్స్యశాఖ నుంచి బదిలీ మీద వచ్చినవారు. చెరువులో వదిలిన చేపపిల్లలు నూటికి నూరూ బతకవని వారికి తెలుసు. ఆ లోటు ఇక్కడ తీర్చుకోదలిచారు. వచ్చిన నెలలోనే తలల్లేని విగ్రహాలన్నిటికీ సిమెంటు తలలు పెట్టించారు. మేస్త్రీకి చూసి చెయ్యడానికి మొహాలు కావాలి కాబట్టి మా సిబ్బందిని వరసగా కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ విధంగా రెండో హాల్లో చామరం పట్టుకున్న రాతి స్త్రీకి మా అటెండరు మొహం వచ్చింది. మీసం మాత్రం వద్దని నేనే మేస్త్రీని బతిమాలి తీయించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాదెళ్ళ పానకాలరావుగారు చంకలో బందరు లడ్డూల డబ్బాతో మా గుమ్మం ఎక్కారు.

ఆయన రేవు కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన ఉద్యోగంలో చేరేనాటికే ఆ రేవుకి ఓడలు రావడం మానేశాయి. కార్యాలయం మాత్రం మానలేదు. పనిలేని చోట పనిమంతుణ్ణి కూర్చోబెడితే ఏదో ఒక పిచ్చి పట్టకుండా ఉండదు. ఒకనాడు పాత సామాన్ల కొట్లో తక్కెడ సరిచెయ్యడానికి వేసే రాగిబిళ్ళ ఒకటి ఆయన కంటబడింది. వెండి రూపాయంత ఉంది. దాని మీద ఓ ఆడమనిషి తల, కింద 1802 అని అంకె. ఆరా తీస్తే అది అమెరికా వాళ్ళ తొలినాటి సెంటు అని తేలింది. పిచ్చి అక్కడ మొదలైంది. పిచ్చి అన్నది నా మాట కాదు, వాళ్ళావిడ తాయారమ్మగారి మాట.

ఆ పెద్ద రాగి సెంట్లు 1793లో మొదలై 1857తో ఆగిపోయాయి. ఏడాదికొకటి చొప్పున అన్నీ సంపాదించాలని పానకాలరావుగారు పంతం పట్టారు. కొనే తాహతు లేదు. కాబట్టి అక్కడి సేకర్తలకి ఉత్తరాలు రాసి, మన చిల్లుకానులు పంపి, వాళ్ళ అరిగిపోయిన సెంట్లు తెప్పించుకునేవారు. మనం దేనికీ కొరగానిదాన్ని చిల్లుకానీ అంటాం. అక్కడ వాటికోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఉన్నారట. ఇక్కడి పిచ్చీ అక్కడి పిచ్చీ పోస్టాఫీసులో వియ్యమందుకుని కొన్ని దశాబ్దాలు కాపరం చేశాయి.

ఆయనకో పట్టింపు ఉంది. పంక్తిలో ఒక్క విస్తరి ముందు మనిషి లేకపోయినా వడ్డన మొదలుపెట్టకూడదనే రకం. అన్ని నాణేలూ దొరికేదాకా వాటిని వరసగా పేర్చి చూడనని ఒట్టు పెట్టుకున్నారు. వచ్చినదాన్ని వచ్చినట్టు దూదిలో చుట్టి లడ్డూ డబ్బాలో పెట్టడమే. అన్నిటికంటే ముప్పుతిప్పలు పెట్టింది 1799ది. అది కూడా ఈ సంపూర్ణ సంవత్సరంలోనే వచ్చి చేరింది. అదే నెలలో కళ్ళ డాక్టరు ఆయనకి నీటికాసులని చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకుపోతూ వస్తుందనీ, మందు వేస్తే నిదానిస్తుందిగానీ తిరిగిరాదనీ అన్నాడు.

"ఇంట్లో కాసులు చాలక కళ్ళల్లో కూడానా!" అన్నారట తాయారమ్మగారు. అని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదట.

"చూపు ఉండగానే అన్నీ వరసగా, ఒక్కసారిగా చూసుకోవాలండీ," అన్నారు పానకాలరావుగారు డబ్బా నా బల్ల మీద పెట్టి. "మీ గాజు పెట్టెలో, దీపాల కింద పెడితే బాగుంటది. ఆ తర్వాత ఇక్కడే ఉండిపోనీండి. ఇంట్లో ఉంటే, నా తర్వాత తూకానికి అమ్మేస్తానంటంది మా ఆవిడ."

సంపూర్ణ సంవత్సరంలో ఒక సంపూర్ణ సేకరణ తనంతట తాను నడిచి రావడమంటే మాటలా! డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి మరీ ఆ డబ్బాని అందుకున్నారు. దానపత్రం రాయించుకున్నారు. మొట్టమొదటి సెంటుని చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పారు. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి, రెండోవైపు గొలుసు. స్వేచ్ఛ వెనకాల గొలుసేమిటని అక్కడి జనం గోలపెడితే కొద్ది రోజులకే ఆ గొలుసు తీసేశారని పానకాలరావుగారు చెప్పారు.

"అనవసరముగా తీసివేసిరి," అన్నారు డైరెక్టరుగారు. తర్వాత ఫోనులో ఏదో లెక్క వేసి కనుబొమలు ముడిచారు. "మొదటి సంవత్సరము నుండి చివరి సంవత్సరము వరకు వెరసి అరవై అయిదు ఉండవలెను. ఇచట అరవై నాలుగు మాత్రమే కలవు. 1815 ఏదీ?"

"ఆ ఏడు అచ్చు వెయ్యలేదండీ," అన్నారు పానకాలరావుగారు నవ్వుతూ. ఎన్నాళ్ళ నుంచో ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్న మొహం. "వాళ్ళకీ ఇంగ్లండుకీ యుద్ధం వచ్చింది. రాగిబిళ్ళలేమో ఇంగ్లండు నించి రావాలి. ఉన్న బిళ్ళలు అయిపోయినై. ఆ ఏటి అంకెతో సెంటు లేదండీ."

"మీ వద్ద లేదా, లేక అసలే లేదా?"

"అసలే లేదండీ. ప్రపంచంలోనే లేదు."

"ప్రపంచములో లేదని ప్రపంచమంతటా విచారణ జరిపించితిరా?"

పానకాలరావుగారి నవ్వు సగంలో ఆగింది. డైరెక్టరుగారు మాత్రం సగంలో ఆగే మనిషి కాదు.

"ఒక ప్రభుత్వము ఒక పూర్తి సంవత్సరము నాణెములు ముద్రించకుండా ఎట్లు ఉండగలదు? కేటాయించిన నిధులు మురిగిపోవా? మార్చి నెలాఖరులోనైనా హడావుడిగా కొన్ని ముద్రించియే ఉందురు. పరిపాలనానుభవము లేనివారికి ఈ సంగతి తెలియదు."

ఇది విని నాకు కూడా నిజమే కదా అనిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో మార్చి నెలాఖరున ఏమీ చెయ్యని ప్రభుత్వాన్ని నేనూ చూడలేదు.

"కావున 1815 లభ్యమగు వరకు ఈ సేకరణ ప్రదర్శింపబడజాలదు," అని డైరెక్టరుగారు తీర్మానించి, నాణేలన్నిటినీ ఇనప్పెట్టెలో పెట్టి సీలు వేయమన్నారు.

"ఈలోగా ఒక్కసారి పేర్చుకుని చూసుకుంటానండీ. ఇక్కడే, మీ బల్ల మీదే. నా కళ్ళు ఆగవండీ," అన్నారు పానకాలరావుగారు.

"సీలు వేయబడినది చూడబడదు. ఇక కళ్ళ విషయము వైద్య ఆరోగ్యశాఖ పరిధిలోనిది."

లక్క కరిగించింది నేనే. ఆయన ఖాళీ చేతులతో మెట్లు దిగుతూ, చివరి మెట్టు పక్కనున్న పూలకుండీని తన్నుకుని తూలారు. అది ఆయనకి కనపడలేదు. అప్పటికే అంచులు పోతున్నాయన్నమాట.

డైరెక్టరుగారు ఊరుకోలేదు. లోటు నివారణ ఉపసంఘం అని ఒకటి వేశారు. అందులో ఆయన అధ్యక్షులు, నేను సభ్యుణ్ణి, టీ తెచ్చే అటెండరు ప్రత్యేక ఆహ్వానితుడు. మొదటి సమావేశంలోనే ఆయన తమ సిద్ధాంతాన్ని మా ముందు పెట్టారు. ప్రభుత్వంలో వస్తువులు రెండే రకాలట. ఒకటి ఉన్నది, రెండోది పోయినది. మూడో రకం లేదు. 1815 నాణెం మన దగ్గర ఉన్నదా? లేదు. కాబట్టి అది పోయినది.

"పుట్టనిది పోవడమేంటండీ?" అన్నాను.

"పుట్టలేదనుటకు జనన ధ్రువపత్రము కలదా?"

పుట్టనివాడికి జనన ధ్రువపత్రం ఎవరిస్తారని అడగబోయి ఊరుకున్నాను. పదోన్నతి దగ్గరపడ్డ వయసులో ప్రశ్నలు ఒంటికి మంచివి కావు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనేవాడితో నాలుగో కాలు గురించి వాదిస్తే, ఆ కాలు వెతికి తెచ్చే పని మన మెడకే చుట్టుకుంటుంది. ఆ సాయంత్రమే, సంస్థకి దానంగా సంక్రమించిన సేకరణలో ఒక నాణెం పోయిందని పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాం.

ఎస్సై పోతురాజుగారు చురుకైన మనిషి. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పానకాలరావుగారింటికి వెళ్ళారు. తాయారమ్మగారు మజ్జిగ ఇచ్చి, ఎవరి పెళ్ళికి పిలవడానికి వచ్చామో అన్నట్టు ఎదురుగా కూర్చున్నారు.

"పోయిన నాణెం చివరిసారి ఎప్పుడు చూశారండీ?" అని మొదలుపెట్టారు ఎస్సైగారు.

"ఎప్పుడూ చూళ్ళేదు," అన్నారు పానకాలరావుగారు.

"అంటే తమరి కళ్ళబడకుండా లేపేశాడన్నమాట. పాత నేరస్థుడే అయ్యుంటాడు. చూట్టానికి ఎట్టా ఉండేదండీ అది?"

"అది లేదు నాయనా! పద్నాలుగుదీ ఉంది, పదహారుదీ ఉంది. మధ్యలోది వాళ్ళు వెయ్యలేదు."

"పద్నాలుగుకీ పదహారుకీ మధ్యగా ఉండేది," అని ఎస్సైగారు రాసుకున్నారు.

తాయారమ్మగారికి ఒళ్ళు మండింది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని! లేనిదాన్ని ఎట్టా ఎత్తుకుపోతారయ్యా?"

"ఎత్తుకుపోయాక లేకుండానే ఉంటదమ్మా," అన్నారు ఎస్సైగారు ఓపిగ్గా. "ఉంటే మాతో పనేముంది?"

ఆవిడ మా ఇద్దరి చేతుల్లోంచీ మజ్జిగ గ్లాసులు వెనక్కి తీసుకున్నారు. నాది ఇంకా సగం ఉంది. సంపూర్ణ సంవత్సరంలో ఆ ఇంట్లో మాకు జరిగిన మొదటి అన్యాయం అది.

ఇల్లంతా వెతికినా నాణెం దొరక్కపోయేసరికి దొంగతనం రుజువైపోయింది. కానీ ఎస్సైగారికి ఒక చిక్కు వచ్చింది. పోయిన వస్తువు ఒకప్పుడు ఉండేదని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పగలిగిన మనిషి ఒక్కడే. డైరెక్టరుగారు పానకాలరావుగారిని పిలిపించారు.

అప్పటికి వేసవి పోయి వానలు వచ్చాయి. పానకాలరావుగారు గుమ్మం దగ్గర ఆగి, తల అటూ ఇటూ తిప్పి, కుర్చీ ఎక్కడుందో చూసుకుని వచ్చి కూర్చున్నారు. డైరెక్టరుగారు ఎప్పుడూ లేనంత మెత్తగా మాట్లాడారు.

"తమరు ఎక్కువ శ్రమ తీసుకోనక్కరలేదు. 1815 నాణెము తమ వద్ద ఉండెడిదనియు, ఎటులనో పోయినదనియు ఒక్క మాట చెప్పి సంతకము చేయండి. పోయినది పోయినదని ప్రకటించి, సోమవారమునాడే గాజు పెట్టెలో తక్కినవి పేర్పించెదము. తమరే మొట్టమొదట తిలకించెదరు గాక!"

పానకాలరావుగారు ఇనప్పెట్టె వైపు తిరిగారు. చాలాసేపు అటే చూశారు. జేబులోంచి కలం తీశారు. నిజం చెప్పొద్దూ, ఆయన సంతకం పెట్టేస్తే బాగుండునని నాకనిపించింది. ఒక్క అబద్ధం. ఎవరికీ నష్టం లేనిది. మేం రోజుకి పది ఆడుతుంటాం.

"పెట్టలేనండీ," అన్నారాయన చివరికి. "చూడాలని ఉందండీ. చాలా ఉంది. కానీ ఉన్నవి ఉన్నాయనీ లేనిది లేదనీ తెలుసుకోటానికేగా ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు ఒక్క దొంగముక్క చెప్పానంటే, రేపు చూసేవాడు మిగతా అరవై నాలుగుని మాత్రం ఎందుకు నమ్మాలి?"

కలం మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. మొదటిసారి జేబు తప్పింది, రెండోసారి దొరికింది.

"మొండివారు," అన్నారు డైరెక్టరుగారు ఆయన వెళ్ళాక. నాకు ఆ మాటకి కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని ప్రభుత్వోద్యోగి ఏం చేసుకుంటాడు? పదింటికి వచ్చినదాన్ని అయిదింటికి ఇంటికి తీసుకుపోతాడు.

దాత సహకరించకపోయేసరికి పోలీసులు సొంత పద్ధతిలో పోయారు. స్టేషనులో ఎప్పుడూ ఉండే ఒక పాత దొంగ, కాస్త కాఫీ పోశాక, నాణెం తీసింది తనేనని ఒప్పుకున్నాడు. ఏ నాణెం అంటే, మీరు ఏది చెబితే అది అన్నాడు. ఎక్కడ అమ్మావంటే, బందరులో పుట్టినవాడు గనక చిలకలపూడిలో అన్నాడు.

చిలకలపూడి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. అక్కడ ఇంటింటా రాగిని రేకు తీసి, అచ్చులతో కొట్టి, పైన బంగారం పూతపోసి నగలు చేస్తారు. దేశంలో బంగారం కొనలేని ఆడవాళ్ళందరి పెళ్ళిళ్ళూ ఆ ఊరి చలవతోనే ధగధగలాడతాయి. ఎస్సైగారు అక్కడ పామర్తి నాంచారయ్య అనే పనివాడింటికి వెళ్ళి, 1814 నాణెం ఫొటో ఇచ్చి, చివరి అంకె మారిస్తే పోయిన నాణెం ఎలా ఉంటుందో తయారుచేసి చూపించమన్నారు. అంటే రికవరీ అన్నమాట. శుక్రవారంలోగా దొరకాలని గట్టిగా చెప్పి వచ్చారు.

నాణెం శుక్రవారం పొద్దున్నే దొరికింది. మఖమల్ డబ్బాలో, కింద గులాబీరంగు దూదితో. డైరెక్టరుగారు మూత తీసేసరికి గదిలో వెలుగు పడింది. నాణెం మేలిమి బంగారంలా మెరిసిపోతోంది. అంతేకాదు, స్వేచ్ఛాదేవి నడినెత్తిన ఒక కొక్కెం ఉంది.

ఇదేమిటని నేను నాంచారయ్యని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. అతను నొచ్చుకున్నాడు. "రాగిని బోసిగా ఎట్టా పంపిత్తామండీ సూపర్నెంటుగారూ? మా తాతల కాడ్నించి ఎవుళ్ళూ పంపలా. పూత పోసే పంపాను. కాసన్నాక కొక్కెం లేకపోతే దండలోకి ఎట్టా ఎక్కుద్ది? రంగుకి ఆరు నెల్లు గ్యారంటీ కూడా రాసిచ్చానండీ. దిగిందంటే నా దగ్గిరికి తీసుకురండి."

నేను లోపలికి వెళ్ళి, ఇక దీంతో కథ కంచికేననుకుని, నాణెం బంగారం రంగులో ఉందనీ కొక్కెం కూడా ఉందనీ డైరెక్టరుగారికి మనవి చేశాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి అంతా తేలిపోయింది.

"సూపరింటెండెంటు గారూ! 1815 నాణెము ప్రపంచమున ఎచటను ఎందుకు కానరాలేదో ఇప్పుడు బోధపడినదా? ఆ సంవత్సరము వారు రాగితో గాక బంగారముతో ముద్రించినారు. రాగి కొరత యుండెనని ఆ ముసలాయనే వాంగ్మూలమిచ్చెను గదా! బంగారమగుటచే స్త్రీలు వానినన్నిటిని కాసులపేరులుగా గుచ్చుకొనినారు. కొక్కెమే తిరుగులేని సాక్ష్యము. రెండు వందల సంవత్సరముల పూర్వము అమెరికా స్త్రీలు కాసులపేరు ధరించిరని కనుగొన్న మొట్టమొదటి సంస్థ మనదే!"

ఆ రోజు నుంచి గ్యారంటీ కాగితం కూడా నాణేనికి సంబంధించిన చారిత్రక పత్రాల్లో చేరింది.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వచ్చారు. సీలు పగలగొట్టి నాణేలన్నీ గాజు పెట్టెలో ఎర్రగుడ్డ మీద వరసగా పేర్చాం. నడుమ 1815 ధగధగలాడుతోంది. దానికి అటూ ఇటూ రెండు శతాబ్దాలు చేతులు మారి, అరిగి, కాఫీ గింజల రంగు తేలిన అరవై నాలుగు రాగిబిళ్ళలు. పానకాలరావుగారు చలవ చొక్కా వేసుకుని తాయారమ్మగారి భుజం పట్టుకుని వచ్చారు. దాతగారికి చివరి వరసలో కుర్చీ వేశాం, ఎందుకంటే ముందు వరసలు మంత్రిగారితో వచ్చినవాళ్ళకే చాల్లేదు. "మంత్రిగారు చూశాక మనమూ చూడొచ్చంట," అని ఆవిడ ఆయన చెవిలో చెప్పడం నేను విన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి పెట్టె దగ్గరికి వచ్చారు. బంగారు నాణేన్ని మెచ్చుకున్నారు. కెమెరాలు మెరిశాయి. తర్వాత ఆయన మొహం చిట్లించారు.

"మంచి వస్తువు చుట్టూ ఈ మాడిపోయిన బిళ్ళలేందయ్యా? ఫొటోలో కూడా నల్లగా పడతాయి. తీసెయ్యండి, తీసెయ్యండి!"

"చిత్తం," అన్నారు డైరెక్టరుగారు. మా అటెండరూ నేనూ అరవై నాలుగింటినీ దోసిళ్ళతో ఎత్తి లడ్డూ డబ్బాలో పోశాం. అంతా అయ్యాక దాతని రానిచ్చారు. పానకాలరావుగారు గాజు మీద చెయ్యి ఆనించి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగారు. ఎర్రగుడ్డ మీద అటు చివర నుంచి ఇటు చివరకి తల తిప్పుతూ వెతికారు. ఒకే ఒక్కటి కనబడింది.

"కొక్కెమేంటండీ?" అన్నారు.

సమాధానం చెప్పాల్సినవాళ్ళంతా అప్పటికే భోజనాలకి వెళ్ళిపోయారు.

మర్నాడు డైరెక్టరుగారు తుది ఉత్తర్వులు చదివి వినిపించారు. సేకరణలో ఉండవలసిన నాణెములు ఒకటి, ఉన్నవి ఒకటి, అనగా నూటికి నూరు శాతం. తక్కిన అరవై నాలుగూ ప్రపంచంలో అందరి దగ్గరా దొరికే సరుకు గనక దాతకి వాపసు. అయితే 1815 స్థానం సంస్థకి చెందినది. దాత తన వరసలో ఆ సంవత్సరానికి ఖాళీ ఉంచుకోవడానికి వీల్లేదు. సూపరింటెండెంటు స్వయంగా వెళ్ళి నాణేలు అప్పగించి, సదరు ఖాళీని స్వాధీనపరచుకుని రావలెను.

డబ్బా పట్టుకుని వెళ్ళాను. తాయారమ్మగారు వసారాలో ఎండ పడేచోట ఆయన తెల్లపంచె ఒకటి పరిచారు. ఆయన దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. డబ్బాలోంచి వరసగా ఏరి ఒక్కొక్కటీ ఆవిడే అందిస్తుంటే ఆయన పేర్చారు. చివరిది పెట్టి, చేతులు తుడుచుకుని, వెనక్కి జరిగి చూశారు. ఎన్నేళ్ళ ఒట్టో ఆ క్షణాన తీరింది. నేను ఆయన మొహం చూస్తున్నాను.

"ఒక్కసారిగా కనపడటంలేదండీ," అన్నారు. "గొట్టంలోంచి చూసినట్టుంది. నాలుగేసి, అయిదేసి కనపడుతున్నై."

ఆ మాట ఆయన ఫిర్యాదులా అనలేదు. అంటే బాగుండేది. వేసవిలో డబ్బా తెచ్చిన రోజున మా బల్ల మీదే పేర్చుకోనిచ్చి ఉంటే అన్నీ చూసేవారు. లక్క నేను కరిగించాను. నాకు ఏడుపొచ్చింది, ఇందులో దాచుకునేదేమీ లేదు.

"నే చెబుతాగా, నువ్వు అట్టా చూసుకుంటా రా," అని తాయారమ్మగారు పక్కన చతికిలబడి, పంచె ఆ చివర నుంచి ఏళ్ళు చదవడం మొదలుపెట్టారు. కళ్ళు నాణేల మీద లేవు, ఆయన మీదున్నాయి. అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. గొలుసుది ఇదీ, అంకె అరిగింది ఇదీ, ఉత్తరంలో అమెరికా ముసలాయన ఇంక నేను బతకనని రాసి పంపింది ఇదీ. ఆయన ఆవిడ గొంతు వెంట తల జరుపుకుంటూ, ఒక్కోదాని దగ్గర ఆగుతూ, తలూపుతూ వస్తున్నారు. పదమూడు అన్నారావిడ. పద్నాలుగు అన్నారు. ఒక్క క్షణం ఆగి, పదహారు అన్నారు.

పంచె మీద ఆ రెంటి మధ్య సరిగ్గా ఒక బిళ్ళ పట్టేంత తెల్లటి చోటు ఉంది. డ్యూటీ గనక అడిగాను. "అక్కడ ఆ ఖాళీ ఏంటమ్మా?"

"ఆ ఏడు లేదుగా అన్నయ్యగారూ. యుద్ధమొచ్చె, రాగి రాకపాయె," అన్నారావిడ, ఆ ఏడు మామిడి కాపు లేదన్నంత మామూలుగా. అని మళ్ళీ పదిహేడు అందుకున్నారు.

తూకానికి అమ్మేస్తానన్న మనిషి ఈవిడేనా అనుకుంటూ నేను లేచాను. ఖాళీ అయిన లడ్డూ డబ్బా మూత పెట్టి చంకలో పెట్టుకున్నాను. అది వద్దా అని వాళ్ళు అడగలేదు. యాభై ఏడుదాకా ఇంకా చాలా దూరం ఉంది.

"ఖాళీని స్వాధీనపరచుకొంటిరా?" అని అడిగారు డైరెక్టరుగారు నేను ఆఫీసులో అడుగుపెట్టగానే.

"ఇందులో ఉందండీ," అని డబ్బా బల్ల మీద పెట్టాను.

ఆయన మూత కాస్త ఎత్తి, లోపలికి తొంగిచూసి, వెంటనే మూసేశారు. "మొత్తము తెచ్చితిరా? వారి వద్ద ఏమియు మిగుల్చలేదు కదా?"

"మొత్తం తెచ్చానండీ."

"భేష్! మూత బిగించి సీలు వేయించండి."

ఈసారి లక్క చాలా శ్రద్ధగా కరిగించాను. డబ్బాని ఇనప్పెట్టెలో పెట్టి ఒక కానిస్టేబుల్ని కాపలా వేశారు. ఆదివారాలు కూడా వస్తాడు పాపం. ఆదివారాలు నేను మాత్రం పానకాలరావుగారింటికి వెళ్ళి వసారాలో కూర్చుని ఏళ్ళు వింటున్నాను. ఇప్పుడు మజ్జిగ గ్లాసు పూర్తిగా తాగనిస్తున్నారు.

నాంచారయ్య గ్యారంటీ మొన్నటితో అయిపోయింది. బంగారు నాణెం రంగు దిగి, స్వేచ్ఛాదేవి ముక్కు దగ్గర మొదలై నల్లబడుతోంది, కొక్కెం కూడా ఊడింది. డబ్బాలో ఖాళీ మాత్రం చెక్కుచెదరలేదు.